ముక్క పరీక్ష కాగితంలో మూడు పంక్తులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్టాండ్లలో పొద్దున్నే పట్నం బస్సెక్కేవాళ్లలో ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు రోజూ కనిపిస్తారు. కవర్లో స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, రేషన్ కార్డు జిరాక్సు ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ పేషెంటు అయితే ఆ కట్టలో గడ్డ నుంచి తీసిన ముక్కను పరీక్షించి ఇచ్చే కాగితం తప్పకుండా ఉండాలి. దాని మీద మూడు పంక్తులుంటాయి. ఈఆర్: పాజిటివ్, 8కి 8. పీఆర్: పాజిటివ్, 8కి 6. హెర్-2: 2+. ఇంట్లోవాళ్లు స్కానింగ్ ఫిల్ముల్ని నలగకుండా పట్టుకుంటారు, ఈ కాగితాన్ని మడతపెట్టి అడుగున తోసేస్తారు. ఆ కవరు మొత్తంలో ఏ మందు వాడాలో, ఏ వరుసలో వాడాలో అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది ఈ కాగితమే.

క్యాన్సర్ అనగానే ఊళ్లో అందరూ అడిగేది "ఏ స్టేజీ?" అనే. గడ్డ ఎంత పెరిగింది, చంకలోని గ్రంథులకు పాకిందా, ఎముకలకో కాలేయానికో వెళ్లిందా అన్నది స్టేజీ చెబుతుంది. గడ్డ దేని మీద బతుకుతోంది, ఏ మందుకు లొంగుతుంది అన్నది స్టేజీలో ఉండదు. ఒకే వయసు, ఒకే స్టేజీ ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి ఆపరేషన్ తర్వాత రోజుకో గోలీతో ఏళ్ల తరబడి బాగుండే అవకాశం ఉంటుంది. రెండో ఆమెకు ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన ఏడాది పాటు ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. ఆ తేడా పట్టిచ్చేవే బయోమార్కర్లు. అంటే గడ్డ కణాల్లో ఉండే కొన్ని ప్రొటీన్లు, కొన్ని జన్యువుల్లో వచ్చిన మార్పులు.

వీటిలో పాతది ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ అనే ప్రొటీన్. రెండో పంక్తిలోని పీఆర్ ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్‌ను పట్టుకునేది. 8కి ఎన్ని అన్నది అవి ఎంతగా ఉన్నాయో చెప్పే మార్కు. ఈఆర్ పేరు తెలియకముందే దాని పని వైద్యుల కంట పడింది. 1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక మహిళకు అండాశయాలు తీసేస్తే గడ్డ కరిగిపోయిందని ప్రకటించాడు. అదే ఆపరేషన్ చేసినా చాలామందికి గుణం కనిపించలేదు. కొందరికే ఎందుకు పనిచేస్తుందో తేలడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ రేడియోధార్మికత కలిపిన ఈస్ట్రోజెన్‌ను వాడి, కొన్ని కణజాలాలే దాన్ని పట్టి ఉంచుకుంటాయని చూపించాడు. రిసెప్టర్ ఉన్న గడ్డకు హార్మోనే తిండి. ఆ తిండి ఆపితే గడ్డ మాడుతుంది. రిసెప్టర్ లేని గడ్డకు అండాశయాలు తీసినా, తీయకపోయినా తేడా లేదు.

టామాక్సిఫెన్ గోలీ ఈ రిసెప్టర్‌కే అడ్డం పడుతుంది. 1960లలో గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని తయారుచేసిన మందు అది. ఆ పనికి పనికిరాలేదు. క్యాన్సర్ వైద్యంలో మాత్రం దాని వల్ల దక్కినన్ని ప్రాణాలు చాలా తక్కువ మందుల వల్ల దక్కాయి. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు ఐదేళ్లు వాడితే రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడోవంతు వరకు తగ్గుతాయని, ఆ మేలు 15 ఏళ్ల దాకా నిలుస్తుందని 2011లో ప్రపంచవ్యాప్త ట్రయల్స్ అన్నిటినీ కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి మందులు ఇంకొంచెం బాగా పనిచేస్తాయి. ఇవన్నీ ఖరీదైన మందులు కావు.

అసలు చిక్కు గోలీ ఆగకుండా వాడటంలో ఉంది. ఒంట్లో మంట లేస్తుంది, కీళ్లు పట్టేస్తాయి, పైకి జబ్బేమీ కనిపించదు, "బాగానే ఉన్నా కదా" అని ఆపేస్తారు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వలసపోయే కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. సీజన్‌కు వెళ్లేటప్పుడు మూటలో బియ్యం ఉంటాయి, జొన్నపిండి ఉంటుంది, ఆరు నెలల గోలీలు మాత్రం ఉండవు. బయోమార్కర్ పరీక్ష బాగా జరిగింది, మందు సరైనదే రాశారు, కానీ వైద్యం ఆ మూట కట్టే దగ్గర తెగిపోతుంది. పెద్దాసుపత్రి ఒకేసారి మూడు నెలలకో, ఆరు నెలలకో మందు ఇవ్వగలిగితే, సొంతూరి ఆశా కార్యకర్త ఫోన్ చేసి అడగగలిగితే దానికి కొత్త పరిశోధన అక్కర్లేదు.

మూడో పంక్తి హెర్-2. ఇది కణం పైపొర మీద ఉండే ప్రొటీన్. మామూలు కణానికి కొద్దిగా ఉంటుంది. కొన్ని గడ్డల్లో ఈ జన్యువు కాపీలు పదింతలు పెరిగి, కణం ఒళ్లంతా ఈ ప్రొటీన్‌తో నిండిపోతుంది. "పెరుగు, పెరుగు" అన్న ఆదేశం ఆగకుండా లోపలికి పోతూ ఉంటుంది. ఇలాంటి గడ్డలు త్వరగా తిరగబెడతాయని 1987లో డెనిస్ స్లేమన్ బృందం చూపించింది. 1998లో దానికి విరుగుడుగా ట్రాస్టుజుమాబ్ అమెరికాలో అనుమతి పొందింది. 2005 నాటికి తొలి దశలో కీమోకు దీన్ని జోడిస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని పెద్ద ట్రయల్స్ చెప్పాయి. అన్నిటికంటే చెడ్డదనుకున్న రకం, మందు అందినవాళ్లకు బాగా నయమయ్యే రకంగా మారింది.

"మందు అందినవాళ్లకు" అన్న మాట దగ్గరే మన కథ ఉంది. 2014 మొదట్లో బయోకాన్ కంపెనీ ఈ మందుకు తన బయోసిమిలర్‌ను, అంటే అదే పని చేసే నకలు మందును, మన దేశంలో తెచ్చినప్పుడు 440 మిల్లీగ్రాముల సీసా ధర 57,500 రూపాయలు. అసలు మందు అంతకన్నా ఖరీదు. ఆ తర్వాత మరికొన్ని కంపెనీలు తయారీకి దిగడంతో ధర ఇంకా దిగింది. మూడు వారాలకో ఇంజెక్షన్ చొప్పున ఏడాది వాడాలి. ఇది గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి మూడు నెలలకోసారి టూడీ ఎకో తీయించాలి. ఏడాదికి బదులు ఆరు నెలలు చాలునా అని బ్రిటన్‌లో 4,089 మంది మీద ఒక ట్రయల్ జరిగింది. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం నాలుగేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం, 89 శాతం పైచిలుకు. ఫ్రాన్స్‌లో జరిగిన అలాంటి ట్రయల్ అంత ధైర్యం ఇవ్వలేదు. అందుకే ఏడాదే ఇప్పటికీ ప్రామాణికం. అయినా డబ్బులేక మొత్తమే మానేసే పరిస్థితి ఎదురైతే ఆరు నెలల కోర్సు గురించి డాక్టరుతో మాట్లాడుకోవచ్చని ఈ పరిశోధన భరోసా ఇస్తోంది. మన జిల్లాలకు ఇది చాలా విలువైన సమాచారం.

పైన చెప్పిన కాగితంలో హెర్-2 పక్కన 2+ అని ఉంది. ఇది చాలామందికి అర్థంకాని చోటు. 0 గానీ 1+ గానీ వస్తే నెగటివ్, 3+ వస్తే పాజిటివ్. 2+ అంటే తేలలేదని అర్థం. ఫిష్ అనే ఇంకో పరీక్షతో జన్యువు కాపీలు లెక్కపెడితేనే తేలుతుంది. ఆ పరీక్షకు వేరే డబ్బు, ఇంకొన్ని రోజులు కావాలి. అక్కడ ఆగిపోయి "నెగటివే అనుకుందాం" అని కీమో మొదలుపెడితే, ఆమెకు పనికొచ్చే అసలు మందు ఎప్పటికీ దక్కకపోవచ్చు. 2022 నుంచి ఈ అంకెకు ఇంకో విలువ కూడా వచ్చింది. 1+ ఉన్నవాళ్లకు, ఫిష్‌లో నెగటివ్ తేలిన 2+ వాళ్లకు కూడా జబ్బు పాకిన దశలో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే కొత్త మందు పనిచేస్తుందని తేలింది. మందు చాలా ఖరీదు, అది నిజం. అయినా రిపోర్టులో ఉత్త "నెగటివ్" అని రాసి వదిలేయకుండా అంకె కూడా వేయమని లాబ్‌ను అడగాలి.

మూడూ నెగటివ్ వస్తే దాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో ఇది పది పదిహేను శాతం. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే దాదాపు 30 శాతం దాకా కనిపిస్తోంది. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ పదేళ్లు ముందే, నలభైల్లోనే వస్తుండటం దీనికి ఒక కారణం. పరీక్ష సరిగ్గా జరగక ఈఆర్ పాజిటివ్ గడ్డలు కొన్ని నెగటివ్‌గా లెక్కలోకి రావడం ఇంకో కారణం. ఆ సంగతి కింద వస్తుంది.

ట్రిపుల్ నెగటివ్‌కు హార్మోన్ గోలీ పనిచేయదు, హెర్-2 ఇంజెక్షన్ పనిచేయదు. ప్రధానంగా కీమోయే దిక్కు. ఇక్కడ ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన పని గురించి చెప్పుకోవాలి. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమోలో కార్బోప్లాటిన్ అనే పాత, చవక మందు కలిపితే ఏమవుతుందో 720 మంది మహిళల్లో చూశారు. 2022 చివర్లో ఫలితాలు చెప్పారు. 50 ఏళ్ల లోపువాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు సుమారు 66 శాతం నుంచి 77 శాతానికి పెరిగారు. 50 దాటినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. ఇదే గడ్డకు అమెరికాలో వాడే పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీకి (ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి పంపే మందు) ఒక చిన్న రైతు కుటుంబం ఎకరాలు అమ్ముకోవాలి. కార్బోప్లాటిన్‌కు అమ్మనక్కర్లేదు.

ఇవన్నీ ఒక షరతు మీద ఆధారపడి ఉన్నాయి. మూడు పంక్తుల సంగతి ఆపరేషన్‌కు ముందే తెలియాలి. మన దగ్గర తరచూ జరిగేది వేరు. గడ్డ తగులుతుంది, సూది పరీక్ష చేయిస్తారు, "క్యాన్సరే" అని వస్తుంది, ఇల్లంతా టెన్షన్. "ముందు తీసి పారేయండి సార్" అని దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ చేయించేస్తారు. ఆ తొందర మనిషి మీద ప్రేమతోనే. కానీ సన్న సూదితో తీసేది విడి కణాలే. ఈ మార్కర్లు నమ్మకంగా చూడాలంటే లావు సూదితో సన్నని తీగలాంటి ముక్క తీయాలి. దాన్నే ట్రూకట్ బయాప్సీ అంటారు. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి, అది హెర్-2 పాజిటివో ట్రిపుల్ నెగటివో అయితే ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేయడానికి గట్టి కారణం ఉంది. గడ్డ ఎంత కరిగిందో కళ్లారా చూసి తర్వాతి మందు మార్చుకోవచ్చు. గడ్డ పూర్తిగా కరగని ట్రిపుల్ నెగటివ్ పేషెంట్లకు ఆపరేషన్ తర్వాత కెపిసిటాబిన్ గోలీలు ఇస్తే ఎక్కువమంది బతుకుతున్నారని జపాన్, దక్షిణ కొరియాల్లో జరిగిన ట్రయల్ 2017లో చెప్పింది. ముందే కోసేస్తే ఏ మందుకు ఎంత లొంగిందో చూసే దారే ఉండదు. బయాప్సీ వల్ల జబ్బు పాకుతుందన్న భయం ఊళ్లలో బలంగా ఉంది. అది తప్పు. ఆ వారం, రెండు వారాల ఆలస్యం వల్ల నష్టం లేదు.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ బయట పెట్టే డబ్బా దగ్గరికి వద్దాం. తీసిన గడ్డను ముక్క చెడకుండా కాపాడే ఫార్మాలిన్ ద్రావణంలో వేసి ఇంటివాళ్ల చేతికిచ్చి "లాబ్‌లో ఇచ్చి రండి" అంటారు. ఒంట్లోంచి బయటికి వచ్చిన క్షణం నుంచి ముక్క చెడటం మొదలవుతుంది. గంటలోపు ఫార్మాలిన్‌లో పడాలి. అది కూడా పది శాతం బఫర్ కలిపిన ఫార్మాలిన్ కావాలి, ముక్క సైజుకు పదింతలు ఉండాలి. ఫార్మాలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి ఇంకుతుంది. అందుకే రొమ్ము మొత్తం తీసినప్పుడు దాన్ని బ్రెడ్ ముక్కల్లా పొరలు పొరలుగా కోసి వేయాలి. అలాగే ముద్దగా వేస్తే పైన గట్టిపడుతుంది, లోపల గడ్డ కుళ్లుతుంది. ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి.

శనివారం సాయంత్రం కొల్లాపూర్‌లోనో, దేవరకొండలోనో ఆపరేషన్ అయిందనుకుందాం. డబ్బా ఇరుకు మూతిది, మందు సగానికే ఉంది. ఆదివారం లాబ్ మూత. సోమవారం మనిషి దొరకలేదు. మంగళవారం బస్సులో పట్నం చేరింది. అప్పటికి రిసెప్టర్లు చెదిరిపోయి ఉండొచ్చు. లాబ్ చేసిన పరీక్షలో తప్పు లేకపోయినా "ఈఆర్ నెగటివ్" అని వస్తుంది. ఐదేళ్లు గోలీ వాడి బాగుండాల్సిన మనిషి ఆ గోలీయే లేకుండా పోతుంది. ఫార్మాలిన్ అయిపోయిందని సెలైన్‌లో వేసి పంపితే అదీ లేదు, ఆ ముక్కతో మార్కర్ పరీక్ష నమ్మకంగా చేయలేరు. హైదరాబాద్‌లో ఎంత గొప్ప యంత్రాలున్నా ఈ డబ్బా దగ్గర జరిగిన తప్పును దిద్దలేవు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే పాథాలజీ విభాగం తప్పక ఉంటుంది. ముక్కను అక్కడే కోసి, మైనంలో పోసి బ్లాక్ చేసి, ఆ బ్లాకునే మార్కర్ పరీక్షకు పట్నం పంపితే సగం నష్టం ఆగుతుంది. మైనం బ్లాక్ ఏళ్ల తరబడి చెడదు. ఆ బ్లాకులు, స్లైడ్లు పేషెంటు అడిగి తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఎండ తగలని చోట దాచుకోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. "మార్కర్" అనగానే చాలామంది రక్తపరీక్ష అనుకుంటున్నారు. టౌన్లలో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో సీఏ 15-3 అని ఒకటి కలుపుతున్నారు. ఒంట్లో పాకిన జబ్బుకు వైద్యం చేసేటప్పుడు మందు పనిచేస్తోందా అని చూడటానికి అది కొంత సాయపడుతుంది. క్యాన్సర్ ఉందా లేదా అని మొదట్లో కనిపెట్టడానికి పనికిరాదు. తొలి దశలో పదిమందిలో తొమ్మిదిమందికి అది నార్మల్‌గానే ఉంటుంది. చేతికి గడ్డ తగులుతుంటే, రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

తొలి దశలో పట్టుకోవడానికి మన ఊళ్లలో పనిచేసేది చెయ్యి. టాటా మెమోరియల్ 1998లో ముంబై బస్తీల్లో లక్షన్నర మంది మహిళల మీద ట్రయల్ మొదలుపెట్టింది. పదో తరగతి చదివిన మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి రెండేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వచ్చాయి. మూడు, నాలుగు స్టేజీల్లో దొరికినవాళ్లు 47 శాతం నుంచి 37 శాతానికి తగ్గారు. 50 దాటినవాళ్లలో మరణాలు 30 శాతం దాకా తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో మరణాల్లో మేలు తేలలేదు, ఆ నిజాన్ని దాచకూడదు. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 దాటిన ప్రతి మహిళకూ ఈ పరీక్ష చేయాలి. సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎంకు బీపీ మిషన్ ఎంత మామూలో ఇదీ అంత మామూలు కావాలి.

గడ్డ జన్యువులను చదివి "ఈమెకు కీమో అవసరమా" అని చెప్పే పరీక్షలు కూడా వచ్చాయి. 21 జన్యువుల ఆంకోటైప్ డీఎక్స్ మీద 2018లో వచ్చిన ట్రయల్, ఈఆర్ పాజిటివ్ తొలి దశ మహిళల్లో చాలామందికి, ముఖ్యంగా నెలసరి ఆగినవాళ్లకు, కీమో లేకుండా హార్మోన్ మందు చాలని తేల్చింది. దాని ధర లక్షల్లో. బెంగళూరులో తయారైన కెన్‌అసిస్ట్ బ్రెస్ట్ అనే పరీక్ష ఐదు ప్రొటీన్లను చూసి అలాంటి అంచనాయే ఇస్తుంది, ఖర్చు తక్కువ. ఇంట్లో తల్లికో, అక్కకో, మేనత్తకో ఇదే జబ్బు వచ్చి ఉంటే, లేదా చిన్న వయసులోనే ట్రిపుల్ నెగటివ్ తేలితే, ఈ జబ్బు ముప్పు పెంచే జన్యుమార్పు వంశంలో వస్తోందా అని చూసే బీఆర్‌సీఏ పరీక్ష గురించి అడగాలి. అది ఆడపిల్లల వరకే అనుకుంటారు. ఆ మార్పు కొడుకుల ద్వారా కూడా మనవరాళ్లకు చేరుతుంది. జబ్బు పాకిన ఈఆర్ పాజిటివ్ వాళ్లకు వాడే పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో మన దేశంలో ముగిసింది, వెంటనే ఇతర కంపెనీల చవక మందు వచ్చింది. ఇలాంటి తేదీలు పేదవాళ్ల వైద్యంలో కొత్త ఆవిష్కరణలతో సమానం.

ఖర్చు మాటకొస్తే, ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలయింది. ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) దాని కింద జరుగుతాయి. ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు, అవసరమైతే ఫిష్, ఆ ప్యాకేజీలో వస్తాయో రావో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి 1955 నుంచి జిల్లాల జనం వస్తున్నారు. అక్కడి వరుసలో నిలబడే రోజున ఈ కాగితం చేతిలో ఉంటే వైద్యం వారాల ముందు మొదలవుతుంది.

నల్లగొండ జిల్లాకే చెందిన ఒక చిక్కు మిగిలింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో నడుము నొప్పి, ఎముకల నొప్పి అంటే ఎవరూ ఉలిక్కిపడరు. "ఫ్లోరైడ్ నొప్పులే" అంటారు. ఫ్లోరైడ్‌కు, రొమ్ము క్యాన్సర్‌కు సంబంధం ఉందని ఏ పరిశోధనా నిరూపించలేదు. కానీ రొమ్ము క్యాన్సర్ పాకితే అన్నిటికంటే ఎక్కువగా వెళ్లేది ఎముకలకే. ఫ్లోరోసిస్ వల్ల ఎక్స్‌రేలో ఎముక దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. పాకిన క్యాన్సర్ కూడా కొన్నిసార్లు అలాగే కనిపిస్తుంది. రొమ్ము ఆపరేషన్ అయిన మహిళకు కొత్తగా నొప్పి మొదలైతే, రాత్రిపూట పడుకున్నా తగ్గకపోతే, దాన్ని పాత నొప్పుల ఖాతాలో వేయకూడదు. డాక్టరుకు రెండు సంగతులూ కలిపి చెప్పాలి, ఆపరేషన్ అయిందనీ, ఫ్లోరైడ్ ఊరనీ.

అలాంటప్పుడు కుదిరితే ఎముక నుంచి మళ్లీ ముక్క తీస్తారు. తిరగబెట్టిన జబ్బులో మార్కర్లు మారిపోవచ్చు. పదిమందిలో ఒకరిద్దరికి ఈఆర్ మారుతుంది. పాత కాగితం చూసి మందు రాస్తే పొరపాటు కావచ్చు. ఎముక ముక్క గట్టిది. దాన్ని కోయాలంటే లాబ్‌లో ముందు మెత్తబరచాలి. తొందరగా కావాలని ఘాటైన ఆసిడ్‌లో వేస్తే రిసెప్టర్లు, జన్యుపదార్థం దెబ్బతిని ఫిష్ పరీక్ష విఫలమవుతుంది. ఈడీటీఏ ద్రావణంలో నెమ్మదిగా మెత్తబరిస్తే నిలుస్తాయి, కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. ముక్క పంపేటప్పుడు కాగితం మీద "రొమ్ము క్యాన్సర్, మార్కర్లు చూడాలి, ఆసిడ్ వద్దు" అని డాక్టరు చేత ఒక్క ముక్క రాయించుకుంటే లాబ్‌వాళ్లు ఆ కొన్ని రోజులు ఆగుతారు.